పడవ మొత్తానికి ఒకే తాడు వేస్తే సరిపోతుందా? హాల్యర్డ్, షీట్, వ్యాంగ్: దేనికి ఏది

పున్నమిఘాట్:
అందరికీ నమస్కారం. భవానీ ద్వీపం వైపు నడుపుకోవడానికి మా జట్టు మూడు పాత తెరచాప పడవలు తీసుకుంది. ఒకటి ఎంటర్‌ప్రైజ్ (మెయిన్, జిబ్ అని రెండు చాపలున్న పడవ), రెండు ఆప్టిమిస్టులు (పిల్లలు నడిపే చిన్న పడవలు). చాపలు బాగానే ఉన్నాయి. తాళ్ళు మాత్రం ఎండకు పెళుసెక్కి, పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. వన్‌టౌన్‌లో 8 మి.మీ. నీలం ప్లాస్టిక్ తాడు కిలోల లెక్కన దొరుకుతోంది. ఒక చుట్ట తెచ్చి, కావలసినంత కోసుకుని అన్నిటికీ అదే వేసేద్దామని సగం మంది అంటున్నారు. మిగతా సగం వద్దంటున్నారు గాని ఎందుకు వద్దో చెప్పలేకపోతున్నారు. ఏ తాడు పని ఏమిటి, ఎంత లావు, ఎంత పొడవు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మోకు_మేస్త్రి:
ముందు పేర్లు తేల్చుకుందాం. పడవ మీద తాళ్ళు రెండు రకాలు. చాపను మోసే నిలువు స్తంభం మాస్ట్. దాన్ని కదలకుండా నిలబెట్టేవి ఒక రకం: పక్కల నుంచి పట్టే ష్రౌడ్లు, ముందు నుంచి పట్టే ఫోర్‌స్టే. మీ ఎంటర్‌ప్రైజ్‌కు ఇవి స్టీలు తీగలు. గుడ్డముక్క పెట్టి పై నుంచి కిందికి తుడవండి. ఎక్కడైనా పోగు తెగి గుడ్డకు తగులుకుందంటే ఆ తీగ మార్చాల్సిందే.

రెండో రకం చాపను ఆడించేవి. చాపను పైకి ఎక్కించేది హాల్యర్డ్. గాలికి చాప ఎంత తెరుచుకోవాలో చూసేది షీట్. షీట్ అనగానే కొత్తవాళ్ళు చాప అనుకుంటారు, కాదు, తాడే. మెయిన్ చాపకు ఒక షీట్. ముందుండే జిబ్‌కు ఎడమకొకటి, కుడికొకటి. మెయిన్ చాప అడుగున ఉండే అడ్డకర్ర బూమ్. అది పైకి లేవకుండా కిందికి పట్టేది వ్యాంగ్, కిక్కర్ అన్నా అదే. చాప అడుగు అంచును బూమ్ చివరికి లాగేది అవుట్‌హాల్. మాస్ట్ వెంట ఉండే అంచును కిందికి బిగించేది కన్నింగ్‌హామ్. ముక్కుకు కట్టి ఉండేది పెయింటర్.

ఇప్పుడు మీ నీలం తాడు సంగతి. హాల్యర్డ్ సాగకూడదు. షీట్ చేతిని కోయకూడదు, గిలకలో సాఫీగా జారాలి. లంగరు తాడు సాగాలి. పెయింటర్ నీళ్ళ మీద తేలాలి. ఈ నాలుగు గుణాలూ ఒకే తాడులో ఉండవు. వద్దనడానికి కారణం అదే.

బ్రాడీపేట_భాస్కర్:
మేస్త్రిగారూ, బలం సంగతి వదిలేశారు. తెగిపోతే ఎలాగండీ? అసలు భయం అదే కదా.

గిలక:
తెగడం అసలు సమస్యే కాదు భాస్కర్ గారూ. లెక్క చూడండి.

ఏడు చదరపు మీటర్ల మెయిన్ చాప, గాలి వేగం 15 నాట్లు అనుకుందాం. అంటే సెకనుకు 7.7 మీటర్లు. వేగాన్ని వేగంతోనే హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 35 న్యూటన్లు దాటుతుంది. ఏడు మీటర్లకు 250. చాప ఆకారానికి ఇంకో ఇరవై శాతం కలిపితే 300 న్యూటన్లు, మన లెక్కలో 30 కిలోలు. గాలి 10 నాట్లకు తగ్గితే అదే చాప మీద 14 కిలోలు కూడా ఉండవు. 20 నాట్లకు పెరిగితే 54 కిలోలు. గాలి రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుందని మాత్రం మరిచిపోవద్దు. గాలిదుమారం లేచినప్పుడు ముంచేది అదే.

ఈ 30 కిలోలూ షీట్ మీదే పడవు. బూమ్ చివర కట్టినప్పుడు కొంత భాగమే వస్తుంది. ఎదురుగాలికి దగ్గరగా పోయేటప్పుడు షీట్ బూమ్‌ను కిందికి కూడా లాగాలి కాబట్టి మళ్ళీ పెరుగుతుంది. ఎంత పెరిగినా 8 మి.మీ. తాడు తెగే బరువు టన్నుకు అటూ ఇటూ ఉంటుంది. అందుకని షీట్ లావును చెయ్యి చూసి నిర్ణయించాలి. బలానికైతే 3 మి.మీ. చాలు, కానీ దాన్ని పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే వేళ్ళు తెగుతాయి.

పున్నమిఘాట్:
మరి హాల్యర్డ్ సాగితే ఏమవుతుందండీ? కాస్త సాగితే మళ్ళీ బిగించుకోవచ్చు కదా.

గిలక:
మాస్ట్ ఆరున్నర మీటర్లు ఉందనుకోండి. హాల్యర్డ్ క్లీట్ (తాడును బిగించి ఉంచే పట్టు) దగ్గర నుంచి పైకి వెళ్ళి, గిలక మీదుగా చాప తలకు వస్తుంది. బిగింపు మీదున్న భాగం సుమారు 6 మీటర్లు. చాప ఇంకా కింద ఉన్నప్పుడు అవతలి వైపు ఇంకో 6. పూర్తిగా ఎక్కాక లెక్కలోకి వచ్చేది మొదటి 6 మీటర్లే. అది 2 శాతం సాగినా చాప తల 12 సెం.మీ. కిందికి దిగుతుంది. గాలి పెరిగిన కొద్దీ ఇంకా దిగుతుంది. అంటే చాప బిగుతుగా, పల్చగా ఉండాల్సిన సమయంలోనే వదులై సంచిలా ఉబ్బుతుంది. పడవ ముందుకు పోవడం తగ్గి పక్కకు ఒరగడం పెరుగుతుంది. దాన్ని మళ్ళీ బిగించాలంటే గాలికి ఎదురు తిరిగి ఆగాలి. అంత గాలిలో ఎవరు ఆగుతారు?

సీతానగరం_శ్రీదేవి:
గిలక గారు చెప్పినదానికి గుర్తులు నేను చెప్తాను. మాస్ట్ పక్క అంచు నుంచి అడ్డంగా చిన్న చిన్న ముడతలు వస్తే హాల్యర్డ్ గాని కన్నింగ్‌హామ్ గాని వదులుగా ఉందని. ఆ అంచు వెంటే నిలువుగా గీతలా మడత పడితే మరీ బిగించేశారని. తక్కువ గాలిలో ఆ అడ్డ ముడతలు కాస్త ఉన్నా ఫర్వాలేదు, కొందరు కావాలనే అలా వదిలేస్తారు.

మోకు_మేస్త్రి:
ఇక తాళ్ళ సరుకు. పాలిస్టర్: ఎండకు బాగా తట్టుకుంటుంది, తక్కువ సాగుతుంది, చేతికి మెత్తగా ఉంటుంది. డైనీమా: దాదాపు సాగదు, నీళ్ళ మీద తేలుతుంది. నున్నగా ఉంటుంది కాబట్టి ముడులు జారతాయి. 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కాబట్టి రాపిడి వేడి దగ్గర జాగ్రత్త. నైలాన్: బాగా సాగుతుంది, తడిస్తే బలం కొంత తగ్గుతుంది. మీ నీలం తాడు పాలీప్రొపిలీన్: తేలుతుంది, చవక. ఎండ తగిలితే పోగులు పెళుసెక్కి విరుగుతాయి. బెజవాడ మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

మెయిన్ హాల్యర్డ్‌కు 4 లేదా 5 మి.మీ. డైనీమా. అది దొరక్కపోతే ముందే సాగదీసి అమ్మే 6 మి.మీ. పాలిస్టర్. మెయిన్ షీట్‌కు 8 లేదా 9 మి.మీ. అల్లిన మెత్తటి పాలిస్టర్. జిబ్ షీట్ 7 లేదా 8. వ్యాంగ్‌కు 5 మి.మీ. డైనీమా, అవుట్‌హాల్‌కు, కన్నింగ్‌హామ్‌కు 4. పెయింటర్‌కు మాత్రం మీ నీలం తాడు భేషుగ్గా సరిపోతుంది.

బ్రాడీపేట_భాస్కర్:
> మెయిన్ షీట్‌కు 8 లేదా 9 మి.మీ. అల్లిన మెత్తటి పాలిస్టర్

ఇక్కడ నేను ఒప్పుకోను. పిల్లల ఆప్టిమిస్టుకు తేలే తాడే మంచిది. పాలిస్టర్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, తక్కువ గాలిలో బూమ్‌ను లోపలికి గుంజుతుంది. పడవ బోల్తా పడితే తేలే తాడు కంటికి కనబడుతుంది కూడా.

మోకు_మేస్త్రి:
తేలే గుణం వరకు మీరన్నది నిజమే. అందుకే ఆప్టిమిస్టులకు పల్చటి తేలిక షీట్లు వేరేగా అమ్ముతారు, వాటిలో పాలీప్రొపిలీన్ పోగు కలిపినవీ ఉంటాయి. కాని ఇప్పుడు మాట్లాడేది కిలోల లెక్కన అమ్మే మూడు పేటల తాడు గురించి. దాని పురి గట్టిగా ఉంటుంది. గిలకలోంచి లాగిన ప్రతిసారీ మెలి తిరుగుతుంది. నాలుగుసార్లు లాగి వదిలితే పడవ అడుగున ఎనిమిదులు చుట్టుకుని ముద్దైపోతుంది. అది వెళ్ళి గిలకకు అడ్డం పడిందంటే షీట్ వదిలినా బూమ్ బయటికి పోదు. ఒరుగుతున్న పడవలో షీట్ వదిలినా వదలకపోవడం కన్నా ప్రమాదం ఏముంది? ఆపైన గరుకు. పిల్లల అరచేతులు గంటలో ఎర్రబడతాయి.

బ్రాడీపేట_భాస్కర్:
సరే, మూడు పేటల దానికి ఒప్పుకున్నాను. అల్లిన తేలిక తాడు మాత్రం వాడొచ్చంటాను.

మోకు_మేస్త్రి:
వాడొచ్చు.

పున్నమిఘాట్:
మా ఎంటర్‌ప్రైజ్ అడుగున షీట్ పట్టే క్లీట్ ఉంది, పళ్ళు ఉన్నది. షీట్ అందులో బిగించి వదిలేయొచ్చా, ఎప్పుడూ చేతిలోనే పట్టుకోవాలా?

తూర్పుగాలి:
పళ్ళు రెండు వైపులా తిరిగేది క్యామ్ క్లీట్. అందులో పెట్టొచ్చు. పైకి ఒక్క గుంజుతో ఊడి రావాలి, కూర్చునే చోటి నుంచే ఊడాలి. క్లీట్ మరీ పైన ఉంటే కింద నుంచి గుంజినప్పుడు తాడు పళ్ళలోకి ఇంకా దిగుతుంది, రాదు. బిగించేటప్పుడే పడవ అంచు మీద కూర్చుని, వెనక్కి వాలి గుంజి చూసుకోండి.

కొమ్ముల క్లీట్‌కు షీట్ కట్టడం మాత్రం ఈ పడవల్లో వద్దు. దాన్ని విప్పడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. గాలిదుమారానికి అంత తీరిక ఉండదు. హాల్యర్డ్‌కు అదే కొమ్ముల క్లీట్ బాగుంటుంది. తాడు ముందుగా క్లీట్ దూరపు కొమ్ము కిందుగా పోయి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగాలి, తర్వాత రెండు ఎనిమిదులు, చివర ఒక్క మెలిక తిప్పి బిగింపు. మొదటి చుట్టు లేకుండా నేరుగా ఎనిమిదులు వేస్తే, బిగింపు మీద ఉన్నప్పుడు విప్పలేరు. అలాగని ఎనిమిదులు ఐదారు వేయడం బలం కాదు, కంగారు.

ఇంకోటి. షీట్‌ను అరచేతికి చుట్టుకోవడం మానిపించండి. కొత్తవాళ్ళు అందరూ చేసేది అదే. ఒక్క గట్టి గాలికి వేళ్ళు నలుగుతాయి, తాడు వదలాలన్నా వదలదు.

సీతానగరం_శ్రీదేవి:
క్యామ్ క్లీట్‌లో స్ప్రింగు పోతే పళ్ళు మూసుకోవు. మన నదిలో అది త్వరగా పోవడానికి కారణం ఒండ్రు. పని అవగానే మంచినీళ్ళు పోసి కడగండి. గ్రీజు పెట్టకండి, ఇసుక దానికే పట్టుకుంటుంది.

చుక్కాని:
జిబ్ షీట్ మీద ఎవరూ మాట్లాడలేదు. ఒకే పొడుగు తాడు తీసుకుని, మధ్యలో చిన్న డైనీమా ఉంగరంతో జిబ్ మూలకు కట్టి, రెండు కొసలు రెండు వైపులకు తీసుకుపోతే మంచిది. రెండు వేరు తాళ్ళు ముడివేస్తే ఆ ముడులు ష్రౌడ్‌కు తగులుకుంటాయి. పొడవు పడవకు రెట్టింపు చొప్పున, ఎంటర్‌ప్రైజ్ 4.04 మీటర్లు కాబట్టి 8 మీటర్లు సుమారు.

షీట్ లోపలికి దూరే బిళ్ళ ఎక్కడ ఉండాలో ఇలా చూసుకోండి. మెల్లగా గాలికి ఎదురు తిరుగుతూ జిబ్ ముందు అంచు ఎక్కడ ముందు కొట్టుకుంటుందో గమనించండి. పైభాగం ముందు కొట్టుకుంటే బిళ్ళను ముందుకు జరపాలి. కింద ముందు కొట్టుకుంటే వెనక్కి. పై నుంచి కింది దాకా ఒకేసారి కొట్టుకుంటే అదే సరైన చోటు. సంవత్సరానికి ఒకసారి చూసుకుంటే చాలు, చాప మారిస్తే మళ్ళీ చూడాలి.

పున్నమిఘాట్:
ఎంటర్‌ప్రైజ్ జిబ్ హాల్యర్డ్ బిగిస్తే ముందున్న ఫోర్‌స్టే వదులైపోతోంది. ఏదో తప్పు చేస్తున్నామా?

చుక్కాని:
లేదు, అలాగే ఉండాలి. చిన్న పడవల్లో జిబ్ ముందంచులోనే తీగ ఉంటుంది. హాల్యర్డ్ బిగించినప్పుడు మాస్ట్‌ను ముందు నుంచి పట్టేది అదే. ఫోర్‌స్టే జిబ్ దించినప్పుడు మాస్ట్ వెనక్కి పడకుండా ఉంచడానికి. అందుకే జిబ్ హాల్యర్డ్ మీద మెయిన్ హాల్యర్డ్ కన్నా ఎక్కువ బిగింపు పడుతుంది. అక్కడ పాలిస్టర్ పెడితే మాస్ట్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తీగ గాని డైనీమా గాని వేయండి.

ఎక్కించే వరస: పడవ ముక్కు గాలికి ఎదురుగా. మెయిన్ షీట్, వ్యాంగ్, కన్నింగ్‌హామ్ మూడూ పూర్తిగా వదలండి. ముందు జిబ్, తర్వాత మెయిన్. పైకి చూస్తూ లాగండి, చాప తల ష్రౌడ్‌కు చుట్టుకుని ఉంటే అక్కడే ఆగుతుంది. వ్యాంగ్ వదలడం మరిచిపోయి, మెయిన్ ఒక జానెడు పైకి రావడం లేదని హాల్యర్డ్‌ను వేలాడి గుంజేవాళ్ళు ఎంతమందో. అలా గుంజితే చాప తల కుట్టు చినుగుతుంది.

గిలక:
వ్యాంగ్ మీద నాలుగు ముక్కలు. గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు షీట్ మొత్తం వదిలేస్తాం. అప్పుడు బూమ్‌ను కిందికి పట్టేది వ్యాంగ్ ఒక్కటే. అది వదులైతే బూమ్ లేచి చాప పైభాగం మెలి తిరుగుతుంది, పడవ అటూ ఇటూ ఊగి బోల్తా పడేది అప్పుడే. చాపలో అన్నిటికన్నా పైనున్న బద్ద బూమ్‌తో దాదాపు సమాంతరంగా కనబడేదాకా బిగించండి. వ్యాంగ్ మాస్ట్‌కు దగ్గరగా కడతారు కాబట్టి బలం తక్కువ చోట పని చేస్తుంది, అందుకే దానికి గిలకలు ఎక్కువ కావాలి. నాలుగింతలు (అంటే గిలకల మధ్య తాడు నాలుగు వరసలుగా పోవడం) కన్నా తక్కువైతే చేత్తో బిగించడం కష్టం. అవుట్‌హాల్‌కు అంత అక్కర్లేదు.

గిలకల లెక్క కూడా చెప్పేస్తాను. మెయిన్ షీట్ మూడింతలుగా పోతోందనుకోండి. బూమ్ పూర్తిగా బయటికి పోయినప్పుడు బూమ్ గిలకకు, వెనక గిలకకు మధ్య దూరం కొలవండి. 2.2 మీటర్లు వస్తే మూడుతో గుణిస్తే 6.6. చేతికి, ముడికి ఇంకో ఒకటిన్నర కలపండి. 8 మీటర్లు. చాలామంది బూమ్ లోపల ఉన్నప్పుడు కొలిచి కోసేసి, బయటికి వదిలేటప్పుడు తాడు చాలక తిట్టుకుంటారు.

గిలక గాడి సంగతి మరవకండి. తాడు గాడి కన్నా సన్నగా ఉంటే పక్కకు జారి గిలకకూ చెక్కకూ మధ్య ఇరుక్కుంటుంది. 4 మి.మీ. డైనీమా కొని పాత 8 మి.మీ. తాడు గిలకలో వేస్తే జరిగేది ఇదే. మాస్ట్ పైన ఇరుక్కుంటే చాప దించడానికి పడవనే ఒరిగించాలి.

పున్నమిఘాట్:
ఆప్టిమిస్టుకు హాల్యర్డే లేదే! తాళ్ళు చిన్న చిన్నవి చాలా ఉన్నాయి.

సీతానగరం_శ్రీదేవి:
ఆప్టిమిస్టు చాప 3.3 చదరపు మీటర్లు, మాస్ట్‌కు చిన్న కట్లతో కడతారు. 2 మి.మీ. లోపు డైనీమా చాలు. చాప అంచుకూ మాస్ట్‌కూ మధ్య ఖాళీ 10 మి.మీ. దాటకూడదని ఆ తరగతి నిబంధన, బూమ్ దగ్గరా అంతే. పోటీకి పంపాలనుకుంటే అలవాటు ఇప్పుడే చేయండి. కట్లు అన్నీ ఒకే బిగువుగా ఉండాలి. ఒకటి మాత్రం గట్టిగా ఉంటే అక్కడి నుంచి చాపలో గీత పడుతుంది.

ఆప్టిమిస్టులో అసలు పని స్ప్రిట్‌ది. చాప పై మూలను ఏటవాలుగా నెట్టే కర్ర అది. దాని కింద ఉండే బిగింపు తాడు చూసుకోవాలి. మాస్ట్ తల దగ్గర నుంచి బూమ్ చివరికి ఏటవాలు మడత వస్తే స్ప్రిట్ చాలలేదు, బిగించండి. చాప పై మూల నుంచి మాస్ట్ అడుగు మూలకు మడత వస్తే ఎక్కువైంది, వదలండి. గాలి మారినప్పుడల్లా ఇది మారుతుంది, పిల్లలకు మొదట నేర్పాల్సింది కూడా ఇదే.

మరో మాట. మాస్ట్ అడుగున దాన్ని పడవకు కట్టే చిన్న తాడు ఒకటి ఉంటుంది. పడవ బోల్తా పడితే మాస్ట్ గూటిలోంచి జారి పోకుండా ఉంచేది అది. దాన్ని కట్టకుండా నీళ్ళలోకి దింపకండి.

బ్రాడీపేట_భాస్కర్:
ముడుల సంగతి కూడా ఎవరైనా చెప్తారా? నాకు నాలుగే వచ్చు, అవి చాలని నా నమ్మకం.

మోకు_మేస్త్రి:
చాలు. షీట్ కొసకు ఎనిమిది ముడి, గిలక నుంచి జారిపోకుండా. జిబ్ మూలకు, ఉచ్చు కావలసిన చోటల్లా బౌలిన్. కొస కనీసం తాడు లావుకు పదింతలు మిగల్చండి, కొట్టుకునే జిబ్‌లో గట్టి తాడు బౌలిన్ దానంతట అదే విడిపోతుంది. రేవు గుంజకు ఒక చుట్టు, రెండు అరముడులు. క్లీట్ చుట్టు పైన తూర్పుగాలి చెప్పారు.

ముడి వేసిన చోట తాడు బలం సగం దాకా తగ్గిపోవచ్చు. పాలిస్టర్‌కు ఇక్కడ ఫర్వాలేదు, కావలసినదానికన్నా చాలా బలం ఉంది. డైనీమాకు మాత్రం ముడి జారుతుంది కాబట్టి కొసను దాని కడుపులోకే దూర్చి ఉచ్చు చేయాలి. 12 పేటల బోలు డైనీమా అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఎలాగంటే, దూరే భాగం తాడు లావుకు 72 రెట్లు ఉండాలి. 4 మి.మీ. తాడుకు 29 సెం.మీ. కొస నుంచి 29 సెం.మీ. దగ్గర ఒక గుర్తు. ఉచ్చుకు ఎంత కావాలో అంత వదిలి రెండో గుర్తు. కొసలో చివరి మూడో వంతు భాగంలో పోగులు ఒకటి విడిచి ఒకటి కోసి సన్నం చేయండి, లేకపోతే అది ఆగే చోట తాడు ఒక్కసారిగా సన్నబడి అక్కడే బలహీనపడుతుంది. సన్నటి తీగను మడతపెట్టి సూదిలా చేసి, రెండో గుర్తుకు ఉచ్చు లేని వైపు 29 సెం.మీ. దూరంలో తాడులో దూర్చి, లోపలే నడిపించి రెండో గుర్తు దగ్గర బయటికి తీయండి. కొసను తీగ మడతలో పెట్టి వెనక్కి గుంజండి. మొదటి గుర్తు రెండో గుర్తును కలిసేదాకా లాగి, పై తాడును ఉచ్చు వైపు నుంచి కిందికి చేత్తో రెండు మూడుసార్లు దువ్వండి. కొస లోపలికి మాయమవుతుంది. ఉచ్చు మెడ దగ్గర అదే రంగు దారంతో అడ్డంగా ఐదారు కుట్లు వేయండి. బరువు లేనప్పుడు జారిపోకుండా ఉంచేది ఆ కుట్లే. బరువు పడ్డప్పుడు తాడే దాన్ని పట్టేస్తుంది.

తూర్పుగాలి:
కొసలు కాల్చడం గురించి కూడా. పాలిస్టర్, పాలీప్రొపిలీన్ కాల్చితే గట్టిపడతాయి. కరిగిన చుక్క చర్మం మీద పడితే అంటుకుపోతుంది, తడి గుడ్డ దగ్గర పెట్టుకోండి. కాల్చిన కొస కొన్నాళ్ళకు పగిలి పదునుదేలుతుంది, గిలకలో తగులుకుంటుంది. అందుకని షీట్‌కు, హాల్యర్డ్‌కు కొస దగ్గర మైనం పూసిన దారం తాడు లావుకు ఒకటిన్నర రెట్లు పొడవున చుట్టి, పేటల మధ్య సూదితో కుట్టండి.

అమరావతి_ఓడ:
కాస్త పక్కకు వెళ్తున్నాను, క్షమించాలి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు మాస్టుల ఓడ బొమ్మ ఉంది. పెద్ద ఓడల్లో ఈ తాళ్ళ పేర్లు ఇలాగే ఉంటాయా?

చుక్కాని:
పేర్లు కొన్ని అవే, పనులు వేరు. చతురస్రపు చాపకు పైన అడ్డకర్ర ఉంటుంది, యార్డ్. దాన్ని పైకి ఎత్తేది హాల్యర్డే. కాని చాపను గాలికి తిప్పాలంటే యార్డ్‌నే అటూ ఇటూ తిప్పాలి, దానికి రెండు కొసలకు బ్రేసులు అని తాళ్ళు. కింది రెండు మూలలనూ కిందికి పట్టేవి షీట్లు. చాపను పైకి ముడవాలంటే మూలలను లాగే క్లూలైన్లు, మధ్యను లాగే బంట్‌లైన్లు. మీ ఎంటర్‌ప్రైజ్‌లో మెయిన్ షీట్ ఒక్కటి చేసే పని అక్కడ బ్రేసులూ షీట్లూ పంచుకుంటాయి.

నౌకాదళం వారి ఐఎన్ఎస్ తరంగిణి మూడు మాస్టుల బార్క్, 1997లో సేవలోకి వచ్చింది. ముందు రెండు మాస్టులకు ఈ చతురస్రపు చాపలు, వెనక దానికి మన పడవల్లాంటి నిలువు చాప. అలాంటి ఓడలో తాళ్ళు లెక్కకు మించి ఉంటాయి, అందుకే ఏ తాడు ఏ పిన్నుకు కట్టాలో వరస మారదు. చీకట్లో చెయ్యి పెట్టి తీయగలగాలి. ఆ పిన్నును పైకి లాగేస్తే చుట్టు మొత్తం ఒక్కసారిగా విడిపోతుంది.

2025లో కార్వార్‌లో నౌకాదళంలో చేరిన కౌండిన్య అయితే పలకలనే కొబ్బరి పీచు తాడుతో కుట్టిన ఓడ, చతురస్రపు చాపలే. ఆ తాడు ఉప్పునీటికి బాగా తట్టుకుంటుంది. మీరు దాన్ని చూసి కృష్ణలో షీట్లకు పీచు తాడు వేయాలనుకోకండి, చెయ్యి గీరుకుపోతుంది.

నిర్వాహకుడు:
ఓడల చరిత్రకు వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ తాళ్ళకే పరిమితమవుదాం.

పున్నమిఘాట్:
ఇంకో రెండు సందేహాలు. మాస్ట్ లోపల పోయే పాత హాల్యర్డ్ తీసేసి కొత్తది ఎలా ఎక్కించాలి? రాత్రుళ్ళు పడవలు నీళ్ళలోనే కట్టి ఉంచొచ్చా?

గిలక:
పాతది ఒక్కసారిగా లాగేయకండి. పాత కొస, కొత్త కొస ఎదురెదురుగా ఆనించి, దారంతో కుట్టి, పైన పల్చటి టేపు చుట్టండి. ముడి వేస్తే గిలక దాటదు. పాతదాన్ని మెల్లగా లాగుతుంటే కొత్తది దాని వెంట ఎక్కి దిగుతుంది. గిలక దగ్గర ఆగితే బలవంతం చేయకుండా వెనక్కి కొంచెం వదిలి మళ్ళీ లాగండి. పాత తాడు ఇప్పటికే తెగిపోయి ఉంటే మాస్ట్ దించి, సన్నటి తీగతో దారం దూర్చి, దాంతో తాడు లాగాలి.

హాల్యర్డ్ త్వరగా అరిగేది గిలక మీద నిలిచే చోట. ఏడాదికోసారి చాప వైపు కొస నుంచి ఒక జానెడు కోసి మళ్ళీ ఉచ్చు వేస్తే అరుగుదల కొత్త చోటికి మారుతుంది. అందుకే కొనేటప్పుడే అర మీటరు ఎక్కువ తీసుకోవాలి.

తూర్పుగాలి:
నీళ్ళలో కట్టడం గురించి. మామూలు రోజుల్లో 10 లేదా 12 మి.మీ. నైలాన్, మూడు పేటలది. అలకు సాగి, కుదుపును మింగేస్తుంది. డైనీమాతో కడితే ప్రతి కుదుపూ క్లీట్ మీదే పడి స్క్రూలు ఊడతాయి. తాడు ఘాట్ మెట్టు అంచుకు రాసుకునే చోట పాత నీళ్ళ పైపు ముక్క తొడగండి. కడుతున్నప్పుడు గాని లాగుతున్నప్పుడు గాని సాగిన నైలాన్ తాడుకు ఎదురుగా నిలబడకండి, తెగితే కొస వెనక్కి దూసుకొస్తుంది. లంగరు వేస్తే నీటి లోతుకు కనీసం ఐదింతల తాడు వదలాలి. నాలుగు మీటర్ల లోతుకు 20 మీటర్లు.

వరద రోజుల్లో మాత్రం ఏ తాడూ వద్దు. పడవలు ఒడ్డుకు లాగి, పైకి ఎక్కించేయండి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఉన్నాం, గేట్లు ఎత్తితే నీటి లాగుడు ఎంతుంటుందో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో కొట్టుకొచ్చిన పెద్ద పడవలు గేట్లకు తగిలి కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. చిన్న పడవైనా కట్టు తెంచుకుంటే వెళ్ళేది అటే.

సీతానగరం_శ్రీదేవి:
తాళ్ళు తడిగా పెట్టెలో కుక్కకండి. ఒండ్రు పోగుల్లో దూరి లోపలి నుంచి కోస్తుంది. బకెట్టు నీళ్ళలో కొంచెం సబ్బు వేసి నానబెట్టి, నీడలో వేలాడదీయండి. బ్లీచింగ్ వద్దు. మూడు పేటల తాడును గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టండి. అల్లిన తాడును ఎనిమిది ఆకారంలో మడవండి, మెలికలు పడవు.

పున్నమిఘాట్:
అందరికీ ధన్యవాదాలు. కొనాల్సినవి ఇలా రాసుకున్నాను, తప్పుంటే చెప్పండి. మెయిన్ హాల్యర్డ్: 5 మి.మీ. డైనీమా 14 మీటర్లు. జిబ్ హాల్యర్డ్: 4 మి.మీ. డైనీమా 12. మెయిన్ షీట్: 8 మి.మీ. పాలిస్టర్ 8. జిబ్ షీట్: 7 మి.మీ. 8. వ్యాంగ్: 5 మి.మీ. 5. అవుట్‌హాల్, కన్నింగ్‌హామ్: 4 మి.మీ. మూడేసి మీటర్లు. మూడు పడవలకు పెయింటర్లు: నీలం తాడు ఐదేసి మీటర్లు. కట్టడానికి 12 మి.మీ. నైలాన్ 20.

గిలక:
జిబ్ హాల్యర్డ్ మీదే బిగింపు ఎక్కువ అని చుక్కాని గారు చెప్పారు కదా, మెయిన్‌కు 5, జిబ్‌కు 4 ఎందుకు? తారుమారు చేయండి. వ్యాంగ్‌కు 5 మీటర్లు నాలుగింతలకు చాలదు, 7 తీసుకోండి. మెయిన్ షీట్ పొడవు నేను చెప్పిన లెక్క ఊహించిన దూరానికి. మీ పడవ మీద బూమ్ బయటికి తోసి, టేపు పట్టి కొలిచాకే కోయండి.

చుక్కాని:
హాల్యర్డ్ గిలకల గాడి వెడల్పు కూడా మాస్ట్ దించినప్పుడే కొలుచుకుని దుకాణానికి వెళ్ళండి. 8 మి.మీ. గాడి అయితే డైనీమా మీద పాలిస్టర్ తొడుగు ఉన్నది తీసుకోండి, క్లీట్‌లోనూ జారదు.